మఠాధిపతుల వరుస కట్టడం – 3వ పాఠం: తేదీ లేని పత్రానికి తేదీ

స్కాట్లాండ్ దక్షిణాన ట్వీడ్ నది పక్కన ఉన్న మెల్రోజ్ మఠాన్ని 1136లో డేవిడ్ రాజు స్థాపించాడని కిందటి పాఠంలో చూశాం. అధిపతుల్లో, అంటే అబ్బట్లలో, మొదటివాడు రిచర్డ్. 1148లో వాల్థియోఫ్, 1159లో విలియం, 1170లో జోసిలిన్ వచ్చారు. ఇప్పుడు ఆ వరుసతో పని మొదలుపెడదాం.

12వ శతాబ్దపు దానపత్రాల్లో చాలావాటికి తేదీ ఉండదు. చివర సాక్షుల పేర్లుంటాయి. వాటితోనే కాలం పట్టుకోవాలి.

అభ్యాసానికి ఒక పత్రం ఊహించుకోండి. ఇచ్చింది డేవిడ్ రాజు. సాక్షులు గ్లాస్గో బిషప్ హెర్బర్ట్, మెల్రోజ్ అబ్బట్ వాల్థియోఫ్. ఒక్కొక్కరి పక్కన పదవీకాలం రాయండి: డేవిడ్ 1124–1153, హెర్బర్ట్ 1147–1164, వాల్థియోఫ్ 1148–1159. మొదలైన సంవత్సరాల్లో అన్నిటికన్నా చివరిది 1148. ముగిసిన వాటిలో అన్నిటికన్నా ముందుది 1153. ఆ ఏడు మే 24న డేవిడ్ చనిపోయాడు. కాబట్టి పత్రం 1148కీ ఆ రోజుకీ మధ్య పుట్టింది. ముగ్గురి పదవీకాలాలు పోల్చి దాదాపు ఐదేళ్లకు కుదించగలిగాం!

పేరు ఒక్కటే చూస్తే చాలదు, హోదా కూడా చూడాలి. జోసిలిన్ 1174లో గ్లాస్గో బిషప్‌గా ఎన్నికయ్యాడు, అభిషేకం 1175లో జరిగింది. ఆ మధ్యలో పత్రాలు అతన్ని బిషప్ అనవు, 'ఎన్నికైనవాడు' అంటాయి. అలాంటి పత్రం దొరికితే కాలం దాదాపు ఏడాదికి వచ్చేస్తుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

మీ పట్టికలో పేరు, మొదలు, ముగింపుతో పాటు నాలుగో గడి తప్పకుండా పెట్టండి: పదవి ఎలా పోయింది? కొత్త అబ్బట్ వచ్చాడంటే పాతవాడు చనిపోయాడని అనుకోకండి. రిచర్డ్‌ను తొలగించారు. వాల్థియోఫ్ పదవిలో ఉండగానే పోయాడు. విలియం రాజీనామా చేశాడు. జోసిలిన్ పై పదవికి వెళ్లాడు. 1207లో అబ్బట్ అయిన ఆడం కూడా 1213లో కేత్‌నెస్ బిషప్‌గా వెళ్లాడు. చర్చి పన్ను పెంచాడన్న కోపంతో అక్కడి జనం 1222లో హాల్‌కర్క్‌లో అతన్ని కాల్చి చంపారు. మరణించిన సంవత్సరాన్నే ముగింపుగా రాస్తే మెల్రోజ్ వరుస తొమ్మిదేళ్లు తప్పుతుంది.

ఇక మీ వంతు. హెర్బర్ట్ బిషప్ కాకముందు కెల్సో మఠానికి అబ్బట్. ఒక పత్రంలో 'కెల్సో అబ్బట్ హెర్బర్ట్', 'మెల్రోజ్ అబ్బట్ రిచర్డ్' సాక్షులుగా ఉన్నారు. అది ఏ సంవత్సరాల మధ్యది? జవాబు 4వ పాఠంలో.