బ్యాలెన్స్ ఊరికే కట్ అవుతోందా? ముందు డాకెట్ నంబర్ పట్టండి

"అన్నా, నిన్ననే రీఛార్జి కొట్టిస్తి, పైసలు ఎటువోయినయ్?" అంటూ జనగామలోని మా షాపుకి వచ్చేవాళ్లకు కొదవ లేదు. ఫోన్ తీసుకుని మెసేజ్‌లు వెతికితే కాలర్ ట్యూనో, జాతకమో, ఏదో ఒక సర్వీసు మొదలైనట్టు ఉంటుంది. నా మీద అరిస్తే ఆ డబ్బు రాదు. ఇలా చేయండి.

ముందు 155223కి కాల్ చేసి ఆ సర్వీసు ఆపించండి. ఏ కంపెనీ సిమ్ అయినా నంబర్ ఇదే, కాల్ ఉచితం. 2013లో ట్రాయ్ (ఫోన్ కంపెనీలకు రూల్సు పెట్టే ప్రభుత్వ సంస్థ) పెట్టిన రూలు ప్రకారం, మీరు రెండోసారి కూడా సరేనంటేనే ఇలాంటివి మొదలుపెట్టాలి. అనలేదు కాబట్టి డబ్బు వెనక్కి అడగండి. మొదలైన 24 గంటల్లోపే అడగండి, ఆ మెసేజ్ మాత్రం డిలీట్ చేయొద్దు.

డబ్బు రాలేదా? మీ కంపెనీ కంప్లైంట్ నంబర్ 198కి ఫోన్ చేయండి. అవతలివాళ్లు ఎంత మర్యాదగా "చూస్తాం సర్" అన్నా ఫోన్ పెట్టేయకండి. "దీన్ని కంప్లైంట్‌గా రాసి డాకెట్ నంబర్ ఇవ్వండి" అని పట్టుబట్టండి. ఆ ఫిర్యాదు నంబర్ మెసేజ్‌లో రావాలి, ఎన్నాళ్లలో తేలుస్తారో కూడా చెప్పాలి. 2012 ట్రాయ్ నిబంధనల్లో ఉన్నదే ఇది. ఒక పెద్దమ్మకి ఎంతసేపైనా ఆ మెసేజ్ రాలేదు. చూస్తే కీప్యాడ్ ఫోన్, ఇన్‌బాక్స్ అంతా ప్రకటనలతో నిండిపోయి ఉంది. పాతవి తీసేయగానే టింగుమని వచ్చింది. నంబర్ రాగానే కాగితం మీద రాసుకోండి, పైమెట్టు ఎక్కాలంటే అదే టికెట్టు.

గడువు దాటినా, జవాబు నచ్చకపోయినా 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. వినే అధికారి కూడా ఆ కంపెనీ మనిషే. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే కదా అని మావాళ్లు నవ్వుతారు. నాకూ అలాగే అనిపిస్తుంది గానీ, ఆయనకు సలహా ఇచ్చే కమిటీలో వినియోగదారుల సంఘం మనిషి ఒకరుంటారు. రాసి పెట్టిన అప్పీలుని ఫోన్‌లో అరిచినంత తేలిగ్గా తోసేయలేరు.

ట్రాయ్‌కి ఉత్తరాలు రాసి కూర్చోకండి. రూల్సు పెట్టడం దాని పని, ఒక్కొక్కరి ఫిర్యాదు అది తేల్చదు. అప్పీలులోనూ న్యాయం జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. టెలికాం కేసులు అక్కడ చెల్లవని కంపెనీలు చాలాకాలం వాదించాయి. చెల్లుతాయని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చేసింది. 5 లక్షల లోపు విషయాలకు ఫీజు ఉండదు. కేసు ఎలా వేయాలో తెలియకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే అడగొచ్చు.

ఇంత ఓపిక లేనివాళ్లకి పోర్టింగ్ ఉంది, అంటే నంబర్ మారకుండా కంపెనీ మారడం. 2011లో దేశమంతా వచ్చిన ఈ హక్కుకే కంపెనీలు ఎక్కువ భయపడతాయని నా లెక్క. ఇంగ్లీషులో పోర్ట్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి, మీ పదంకెల నంబర్ కొట్టి 1900కి పంపండి. వచ్చిన కోడ్ కొత్త కంపెనీకి ఇవ్వాలి, అది మన దగ్గర 4 రోజులే పనిచేస్తుంది. సిమ్ తీసుకుని 90 రోజులు దాటాలి, పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు బాకీ ఉండకూడదు, సిమ్ మార్పించుకుంటే 7 రోజులు ఆగాలి. మెసేజ్ వెళ్లిన కాసేపటికే "ఎందుకు వెళ్తున్నారు సర్" అంటూ కాల్ రావచ్చు. ఆఫర్ ఇస్తామంటే మెసేజ్‌లో పంపమనండి. మిగిలిన బ్యాలెన్సూ డేటా కొత్త కంపెనీకి రావు, కాబట్టి ప్యాక్ అయిపోవచ్చే రోజుల్లో పంపడం మేలు.