ఆసుపత్రిలో చేరినవారికి యాంటీసైకోటిక్ మందులు రాసేటప్పుడు

రోగి యాంటీసైకోటిక్‌ను (భ్రమలు, తీవ్ర మానసిక కల్లోలం తగ్గించే మందు) ముందునుంచే వాడుతున్నారా, లేక ఇప్పుడే కొత్తగా మొదలుపెట్టాలా అన్నది మొదట తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ రెండు సందర్భాల్లో పొంచి ఉండే ప్రమాదాలు వేరు.

ముందునుంచే వాడుతున్నవారు మాత్రలతో పాటు కొన్ని వారాలకోసారి వేయించుకునే డిపో ఇంజెక్షన్ (ఒంట్లోకి మెల్లగా విడుదలయ్యే మందు) మీద కూడా ఉండవచ్చు. అది మందుల చీటీలో కనిపించకపోవచ్చు కనుక అడిగి రాసుకోవాలి. క్లోజపైన్ అనే యాంటీసైకోటిక్ వాడేవారిని చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో కచ్చితంగా అడగాలి. 48 గంటలకు మించి మానేసినవారికి పాత మోతాదునే ఇస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చు కాబట్టి 12.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి క్రమంగా పెంచాలి. ఆసుపత్రిలో చేరాక సిగరెట్లు మానేస్తే రక్తంలో క్లోజపైన్ స్థాయి పెరుగుతుంది. క్లోజపైన్ వల్ల వచ్చే మలబద్ధకం పేగులు స్తంభించి ప్రాణం పోయేదాకా వెళ్లగలదు. మలవిసర్జన వివరం రోజూ నమోదు కావాలి. ఈ మందు తెల్ల రక్తకణాలను తగ్గించగలదు కనుక జ్వరం వస్తే వాటి లెక్క వెంటనే చూడాలి.

కొత్తగా రాయాల్సిన అవసరం ఎక్కువగా డెలీరియంలోనే (అనారోగ్యం వల్ల హఠాత్తుగా వచ్చే మానసిక గందరగోళం) ఎదురవుతుంది. వృద్ధ రోగి రాత్రివేళ కలవరిస్తూ మంచం దిగిపోతుంటే ముందు ఆక్సిజన్, రక్తంలో చక్కెర, ఇన్ఫెక్షన్, నొప్పి, మూత్రం ఆగిపోవడం, ఈమధ్య మొదలైన మందులు పరిశీలించాలి. యాంటీసైకోటిక్ ఆ మూలకారణాన్ని నయం చేయదు. దగ్గర కూర్చుని మాట్లాడినా శాంతించక, తీవ్రంగా బాధపడుతూనో, తనకో ఇతరులకో హాని చేసే స్థితిలోనో ఉన్నప్పుడే, హలోపెరిడాల్ అనే యాంటీసైకోటిక్ అయితే వృద్ధులకు 0.5 మిల్లీగ్రాముల వంటి చిన్న మోతాదుతో, వీలైనంత తక్కువ కాలానికి రాయాలి. పార్కిన్సన్స్ వ్యాధి లేదా లూయీ బాడీ డిమెన్షియా (ఒక రకం మతిమరపు వ్యాధి) ఉంటే హలోపెరిడాల్ అసలు ఇవ్వకూడదు.

మొదటి మోతాదుకు ముందే ఈసీజీ తీయడం, పొటాషియం, మెగ్నీషియం సరిచేయడం మంచిది. ఈసీజీలో కొలిచే క్యూటీసీ (ప్రతి స్పందనలో గుండె విద్యుత్ చర్యకు పట్టే సమయం; మరీ ఎక్కువైతే గుండె లయ తప్పవచ్చు) 500 మిల్లీసెకన్లు దాటితే దాన్ని పెంచే మందులు మొదలుపెట్టకూడదు. వాంతులకిచ్చే ఆన్‌డాన్సెట్రాన్, కొన్ని యాంటీబయోటిక్‌లు కూడా దాన్ని పెంచుతాయి. కండరంలోకి ఓలాంజపైన్ అనే యాంటీసైకోటిక్‌ను, బెంజోడయాజిపైన్ (మత్తు కలిగించే మందు) ఇంజెక్షన్‌ను కలిపి ఇవ్వకూడదు.

మందు పడ్డాక రోగి మరింత అసహనంగా అటూఇటూ తిరుగుతుంటే అది అకతీసియా (కుదురుగా ఉండనివ్వని దుష్ప్రభావం) కావచ్చు. పొరబడి మోతాదు పెంచితే బాధ రెట్టింపవుతుంది. జ్వరం, కండరాల బిగుతు, గందరగోళం కలిసి కనిపిస్తే న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్‌ను (ఈ మందుల వల్ల అరుదుగా వచ్చే ప్రాణాంతక స్థితి) అనుమానించి మందు ఆపి, సీకే పరీక్ష (కండరాల నష్టాన్ని చూపే రక్తపరీక్ష) చేయించి, సీనియర్ వైద్యుణ్ణి వెంటనే పిలవాలి.

మందు మొదలుపెట్టిన కారణాన్నీ, ఆపవలసిన తేదీనీ మందుల చార్టులో మొదటిరోజే రాయాలి. డిశ్చార్జి నాటికీ మందు కొనసాగుతుంటే దాన్ని ఎవరు, ఎప్పుడు సమీక్షించాలో డిశ్చార్జి పత్రంలో స్పష్టంగా పేర్కొనాలి.