తేలు కుడితే ఏడుపు కాదు, చేతులు చూడండి

విజయవాడలో మొగల్రాజపురం కొండ మీద మా ఇల్లు. కింద రోడ్డు నుంచి మెట్లు నూట నలభై రెండు. గ్యాస్ బండ మోసుకొచ్చే కుర్రాడు ప్రతిసారీ లెక్కపెట్టి మరీ డబ్బులు అడుగుతాడు కాబట్టి ఈ లెక్కలో తేడా ఉండదు. కొండని తొలిచి కట్టుకున్న ఇళ్ళు, వెనక గోడంతా రాయే. ఆ రాతి పగుళ్ళలో మాకంటే ముందు నుంచే తేళ్ళు కాపురం ఉంటున్నాయి. నేను ముప్పై ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను, ఎక్కువ కాలం గుంటూరు జిల్లాలో, క్యాజువాలిటీలో. అందుకని మా వరుసలో ఎవర్ని తేలు కుట్టినా ముందు మా తలుపే తడతారు.

తలుపు తీయగానే అందరూ కుట్టిన చోటు చూపిస్తారు. నేను అది చూడను, చెయ్యి పట్టుకుంటాను.

ఎందుకంటే, పోయిన మే నెలలో ఒకే వారంలో ఇద్దరొచ్చారు. మొదట పై ఇంటి వదిన. ఎండుకొమ్మల మోపు లాగుతుంటే బొటనవేలి మీద కుట్టింది. ఆవిడ అరుపులకి కింద చర్చి వీధి దాకా లేచి కూర్చున్నారు. అరచెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంది, నాడి బాగుంది, నుదురు పొడిగా ఉంది. "నువ్వు ఇంత గట్టిగా అరుస్తున్నావంటే నాకు సగం భయం పోయింది వదినా" అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది, రావాల్సిందే. ఆటోలో పంపిస్తే వేలి చుట్టూ మొద్దుబారే ఇంజెక్షన్ చేసి, కాసేపు చూసి, తెల్లారేసరికి ఇంటికి పంపారు.

మూడో రోజు రాత్రి ఆరేళ్ళ బాబుని ఎత్తుకొచ్చింది వాళ్ళమ్మ. చాప మీద పడుకుంటే మడమ దగ్గర కుట్టిందట. "ఇందాక బాగా ఏడ్చాడు సిస్టరమ్మా, ఇప్పుడు మానేశాడు, తగ్గినట్టుంది" అంది. కూలరు ఎదురుగా కూర్చోబెట్టినా బనీను పిండితే నీళ్ళు కారేలా ఉంది. పై పెదవి మీద చెమట చుక్కలు తుడిస్తే మళ్ళీ వస్తున్నాయి. చేతివేళ్ళు ఫ్రిజ్‌లోంచి తీసిన బెండకాయల్లా చల్లగా ఉన్నాయి. గోరు నొక్కి వదిలితే తెల్లబడ్డ గోరు ఎర్రబడటానికి తీరిగ్గా టైం తీసుకుంది. దారిలో రెండు వాంతులు. నాకు చెమట పట్టింది అప్పుడు.

నొప్పి ఎంత ఉందన్నదాన్ని బట్టి ప్రమాదం ఎంతో చెప్పలేం. నొప్పి కుట్టిన చోటి సంగతి. చల్లబడ్డ చేతులు, ఆగని చెమట, వాంతులు, నోట్లో నీళ్ళూరడం, ఆయాసం, గుండె దడ, ఇవి ఒంటి సంగతి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పొద్దున చూద్దాంలే అనకండి.

లోపల ఏం జరుగుతుందో కాస్త చెబుతాను, తెలిస్తే తర్వాత చెప్పేవి గుర్తుంటాయి. మన నరానికి గోడ పొడుగునా సన్నటి తలుపులుంటాయి. సోడియం తలుపు తెరుచుకుంటే కబురు బయల్దేరుతుంది. సెకనులో వెయ్యో వంతు గడిచేసరికి ఆ తలుపు దానంతటదే మూసుకుంటుంది. తర్వాత పొటాషియం తలుపు తెరుచుకుని నరాన్ని మామూలు స్థితికి తెస్తుంది. తేలు విషం చిన్న చిన్న ప్రోటీన్ల కషాయం. అందులో అరవై డెబ్బై అమినో ఆమ్లాల పొడుగున్న రకం సోడియం తలుపు మూసుకోకుండా అడ్డం పడుతుంది. ఇంకా పొట్టి రకం పొటాషియం తలుపుకి గడియ పెడుతుంది. కాలింగ్ బెల్ నొక్కినవాడు వేలు తీయకుండా అలాగే నిలబడ్డాడనుకోండి, ఇంట్లోవాళ్ళ పరిస్థితి ఏంటి? నరాలది అదే పరిస్థితి. మన ఎర్ర తేలు విషంలో దొరికిన, పొటాషియం తలుపుకి గడియ పెట్టే ఒక ప్రోటీనుకి ఐబీరియోటాక్సిన్ అని పేరు, దేశదేశాల ల్యాబుల్లో పరిశోధనకి వాడతారు. పేరు స్పెయిన్ వైపుది, సరుకు మాత్రం మనదే.

ఆ బెల్లు కుట్టిన చోట మోగితే మంట, పోటు. రక్తంలో కలిసి ఒళ్ళంతా మోగితే మనం తలచుకోకుండా నడిచే పనులన్నీ అదుపు తప్పుతాయి. ముందు వాంతులు, చొంగ, చెమట, ఒక్కోసారి నాడి నెమ్మదించడం. మగపిల్లల్లో అంగం గట్టిపడి అలాగే ఉండిపోవడం కూడా ఉంటుంది, తల్లులు సిగ్గుపడి చెప్పరు. చెప్పండమ్మా, విషం ఒంటికి పాకిందనడానికి అది గట్టి గుర్తు. ఆ తర్వాత అడ్రినలిన్ వరద. రక్తనాళాలు బిగుసుకుపోతాయి, బీపీ పెరుగుతుంది, చర్మం దాకా రక్తం రాక చేతులు కాళ్ళు చల్లబడతాయి. నీళ్ళ మోటారు వేసి పైపు మడిచి పట్టుకుంటే మోటారు ఎంతసేపు లాగుతుంది? గుండె కూడా అంతే, అలిసిపోతుంది. అప్పుడు ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. దగ్గు, ఆయాసం, పడుకోలేకపోవడం, ఆఖరికి గులాబీరంగు నురగ. ఇన్సులిన్ తగ్గి షుగరు కూడా పెరుగుతుంది. పిల్లల ఒంటి బరువు తక్కువ కాబట్టి అదే చుక్క విషం వాళ్ళకి ఎక్కువ పడుతుంది.

అన్ని తేళ్ళూ ఇంత పని చేయవు. చూడగానే గుండె ఆగేలా ఉండే పెద్ద నల్ల మండ్రగబ్బ నిజానికి మెతక. దాని పటకారు చేతులు లావు, తోక సన్నం. భయపడాల్సింది చిన్నగా, ఎర్ర గోధుమరంగులో, సన్నటి చేతులతో, లావాటి తోకతో ఉండేదానికి. చేతుల్లో బలం లేని తేలే తోకని నమ్ముకుంటుందని గుర్తుపెట్టుకోండి. అయినా దాన్ని పట్టుకోవడానికి మంచాలు ఎత్తుతూ అరగంట పోగొట్టకండి. చచ్చి పడుంటే ఫోనులో ఫొటో తీసుకోండి, చాలు.

ఇక చేయాల్సినవి. మనిషిని పడుకోబెట్టండి, నడిపించొద్దు. ఉంగరం, కాలి పట్టీ, మెట్టెలు ఉంటే తీసేయండి. సబ్బు నీళ్ళతో కడిగి, ఐసు ముక్క గుడ్డలో చుట్టి కాసేపు పెట్టి తీస్తూ ఉండండి. కుట్టిన టైం గోడ మీదో అరచేతిలోనో రాసుకోండి, ఆసుపత్రిలో మొదట అడిగేది అదే. తాడు బిగించి కట్టడం, బ్లేడుతో గాటు పెట్టడం, నోటితో పీల్చడం, సారా పట్టించడం, ఇవేవీ వద్దు. ఉత్తరేణి ఆకు పసరు రాస్తామంటే రాసుకోండి, కానీ ఆటో ఎక్కాక. మంత్రం వేసేవాళ్ళకి అంత పేరెందుకొచ్చిందంటే, పెద్దవాళ్ళని కుట్టిన తేళ్ళలో చాలావాటి బాధ ఒకపూటలో దానంతటదే తగ్గుతుంది. మంత్రం వేసినా, వేయకపోయినా.

108 మా మెట్ల కింద రోడ్డు దగ్గర ఆగిపోతుంది. గుణదల, చిట్టినగర్ కొండల మీద ఉండేవాళ్ళకి ఈ బాధ తెలుసు. అందుకే ముందు ఫోను, ఆ తర్వాతే మిగతావన్నీ. పెద్దవాళ్ళయితే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ముందూ వెనకా ఇద్దరు పట్టుకుని దించుతాం. మొన్న ఆ బాబుని దుప్పట్లో పడుకోబెట్టి నాలుగు చెంగులు నలుగురు పట్టుకున్నారు. భుజాన వేసుకుని పరిగెత్తబోయిన తండ్రిని నేనే ఆపాను. వాంతి చేసుకునే పిల్లవాడిని అలా వేలాడదీస్తే అది ఊపిరి గొట్టంలోకి పోతుంది. తల పక్కకి తిప్పి ఉంచాలి.

వెళ్ళడం ఎక్కడికి? రాత్రిపూట డాక్టరుండి, బీపీ, ఆక్సిజన్ గంటగంటకీ చూడగలిగే చోటికి. మాకైతే ప్రభుత్వ పెద్దాసుపత్రి, గుంటూరు వాళ్ళకి జీజీహెచ్. నా సర్వీసు తొలి రోజుల్లో ఒక పాపని ఏదో క్లినిక్‌లో స్టెరాయిడ్ ఇంజెక్షన్, అలర్జీ ఇంజెక్షన్ చేసి ఇంటికి పంపించేశారు. మా దగ్గరకొచ్చేసరికి మూతి దగ్గర నురగ. ఆ రెండు ఇంజెక్షన్లూ తేలు విషాన్ని ఏమీ చేయలేవు. పాము కాటు ఇంజెక్షన్ కూడా దీనికి పనికిరాదు.

పనిచేసేది ప్రజోసిన్ అనే బీపీ మాత్ర. బిగుసుకున్న రక్తనాళాల్ని వదులు చేస్తుంది. మడిచిన పైపు సరిచేయడమన్నమాట. దీన్ని తేలు విషానికి వాడి చూపించినవాడు హిమ్మత్‌రావు బావస్కర్, మహారాష్ట్రలో రాయగఢ్ జిల్లా మహాడ్‌లో పనిచేసిన డాక్టరు. అంతకుముందు విషం ఒంటికి పాకినవాళ్ళలో నూటికి పాతిక ముప్పై మంది పోయేవారని, ప్రజోసిన్ వచ్చాక అది నూటికి ఒకటి దగ్గరికి దిగిందని ఆయన రాసిన లెక్కలు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. తేలు విషానికే ప్రత్యేకమైన విరుగుడు మందు కూడా ఉంది, ముంబైలో హాఫ్‌కిన్ అనే సంస్థవాళ్ళు తయారు చేస్తారు. 2011లో ఆయనే 70 మంది రోగుల మీద ప్రచురించిన పరిశోధనలో, మాత్రతో పాటు విరుగుడు కూడా ఇచ్చిన 35 మందిలో 32 మంది పది గంటల్లో కోలుకున్నారు. మాత్ర ఒక్కటే ఇచ్చిన 35 మందిలో 8 మంది. కాబట్టి ఆసుపత్రిలో "ప్రజోసిన్ ఉందా, తేలు విరుగుడు ఉందా" అని మర్యాదగా అడగండి, తప్పు లేదు. ఇంట్లో తాతగారి బీపీ మాత్రల్లోంచి తీసి మీరే వేయడం మాత్రం తప్పు. మోతాదు బరువుని బట్టి, బీపీని బట్టి ఉంటుంది. చేతులు వెచ్చబడేదాకా మూడేసి గంటలకి మళ్ళీ ఇస్తారు.

మాత్ర వేశాక పిల్లల్ని లేపి కూర్చోబెట్టొద్దు. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నది. ఒక నైట్ డ్యూటీలో పాలు తాగిస్తానని తల్లి బతిమాలితే, నేనే వీపు వెనక దిండు పెట్టి పాపని కూర్చోబెట్టాను. రెండు గుక్కలు తాగి కళ్ళు తేలేసింది. మొదటి మాత్రకి బీపీ ఒక్కసారిగా పడిపోతుందని చదువుకున్నదే, ఆ క్షణాన గుర్తు రాలేదు. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తితే తేరుకుంది. ఆ పాలగ్లాసు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంటుంది.

ఇంకో మాట. "సెలైన్ పెట్టండి డాక్టరుగారూ" అని మీద పడకండి. మనవాళ్ళకి సీసా వేలాడితేనే వైద్యం జరిగినట్టు. ఊపిరితిత్తుల్లోకి నీరు దిగే జబ్బులో ఎంత నీళ్ళు ఇవ్వాలన్నది కత్తి మీద సాము, వాళ్ళకే వదిలేయండి. ఆ ఆరేళ్ళ బాబుకి నాలుగో మాత్ర తర్వాత తెల్లవారుజామున వేళ్ళు వెచ్చబడ్డాయి. వాళ్ళమ్మ నాకు ఫోను చేసి నొప్పి గురించి చెప్పలేదు, "చేతులు కాలుతున్నాయి సిస్టరమ్మా" అంది. అప్పుడు వాడు మళ్ళీ నొప్పని ఏడుపు మొదలుపెట్టాడట. మంచి ఏడుపు.

ఇక అసలు కుట్టకుండా చూసుకునే పద్ధతి. ఆన్‌లైన్‌లో యూవీ టార్చి దొరుకుతుంది, నోట్లు పరీక్షించడానికి వాడేలాంటిది. తేలు పెంకులో ఉండే పదార్థాలు ఆ వెలుగు పడితే ఆకుపచ్చగా మెరుస్తాయి, సైకిల్ మడ్‌గార్డు మీది రేడియం స్టిక్కర్‌లా. మొదటిసారి మా వెనక గోడ మీద వేసినప్పుడు ఏడు మెరిశాయి, ముప్పై ఏళ్ళుగా మూడో నాలుగో అనుకునేదాన్ని. అందులో ఒకదాని వీపు మీద బియ్యపు గింజలంత పిల్లలు, తెల్లగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి. ఎండాకాలం రాత్రుళ్ళు, తొలకరి వానలప్పుడు ఎక్కువగా బయటికి వస్తాయి. అమావాస్య దగ్గర్లో వేసి చూడండి, చీకటి ఎంత ఉంటే అంత బాగా కనిపిస్తాయి. ఆ వెలుగు కళ్ళలోకి కొట్టకుండా చూసుకోండి.

గోడ పగుళ్ళకి సిమెంటు, తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ. ఇటుకల కుప్ప, ఎండు మట్టలు గోడకి ఆనించి పెట్టొద్దు. మంచం గోడకి జానెడు దూరం, దోమతెర అంచు పరుపు కిందికి. గుంటూరు వైపు మిరప కళ్ళాల్లో కాపలా పడుకునేవాళ్ళు పట్టా మీద కాకుండా నవారు మంచం మీద పడుకోండి, పొద్దున పట్టా ఎత్తేటప్పుడు అంచు కాలితో తిరగేసి చూడండి. టిక్కీల (మిరప బస్తాల) కింద చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి. స్కూలు బూట్లు బోర్లించి రెండుసార్లు తట్టాలి. మా మనవడికి ఎంత అలవాటైందంటే, హైదరాబాదులో తొమ్మిదో అంతస్తు ఫ్లాటులో కూడా తడుతున్నాడు. వాళ్ళమ్మ నవ్వుతుంది. నేను తట్టనివ్వమన్నాను.