రెండు ముదురు రంగుల్లో ఏది? అట్టల మీద తేల్చుకున్న పద్ధతి

గది గోడలకు బూడిద కలిసిన ముదురు ఆకుపచ్చా, బూడిద కలిసిన ముదురు నీలమా? పెయింట్ రంగుల నమూనాలుండే షేడ్ కార్డులో రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. అగ్గిపెట్టెంత ముక్క చూసి ఎంచుకోవడంతోనే పొరపాటు మొదలవుతుంది.

శాంపిల్‌ను పాత గోడ మీద నేరుగా పూయకండి. లేత రంగు పక్కన ఏ ముదురు రంగైనా ఉన్నదానికంటే నల్లగా కనిపిస్తుంది. రెండడుగుల చదరపు అట్టలు రెండు తీసుకుని, ఒక్కోదానికి రెండు కోట్లు వేసి, ఒక రోజు ఆరనిచ్చాను. తడి రంగును చూసి తీర్పు చెప్పకూడదు, ఆరాక మారుతుంది.

అసలు తేడా వెలుగులో బయటపడింది. అట్టల్ని కిటికీకి ఎదురుగా, కిటికీ ఉన్న గోడకు, చీకటి మూలలో నిలబెట్టి పగలూ రాత్రీ చూడాలి. 2700 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు) పసుపు బల్బు కింద నీలం చచ్చిపోయి బొగ్గులా అయింది. 4000 కెల్విన్ తెల్లటి వెలుగులో తేరుకుంది. ఆకుపచ్చ రెండింటిలోనూ నిలబడింది. గది వాడకం రాత్రిపూటే, పైగా బల్బులు పసుపువే. ఇక ఆకుపచ్చే.

గోడకు వేసేటప్పుడు, రంగు కింద వేసే తొలి పూత అయిన ప్రైమర్ తెల్లది వద్దు, దానిలో బూడిద రంగు కలిపించుకోండి. లేకపోతే మూడో కోటు తప్పదు. డబ్బాలన్నీ ఒకే బకెట్‌లో కలపాలి, డబ్బాకూ డబ్బాకూ ఛాయ కొద్దిగా మారొచ్చు. అంచు ఆరకముందే పక్క పట్టీ రోలర్‌తో కలిపేయాలి, ముదురు రంగులో చారలు దాగవు. మెరుపు లేని పూర్తి మ్యాట్ పెయింట్ అందమే, కానీ చెయ్యి తగిలిన చోటల్లా మెరుపు మచ్చ పడుతుంది.