షార్ట్ ఫిల్మ్‌కి టీ బంకు సెట్ మనమే వేసుకోవడం ఎలా

ఊళ్ళో నిజం టీ బంకు ఉండగా సెట్ దేనికని మొదట్లో మేమూ అనుకున్నాం. ఒక ఆదివారం అక్కడే తీసి చూశాం. డైలాగ్ మధ్యలో ఎవరో ఒకరు వచ్చి "అల్లం టీ ఒకటి" అంటారు, పిల్లలు కెమెరాలోకి తొంగి చూస్తారు, బంకాయనకేమో బేరం పోతోందని బాధ. సాయంత్రానికి రెండే షాట్లు వచ్చాయి. ఇక లాభం లేదని ఆరుగురం కలిసి మేమే కట్టుకున్నాం, భోజనాలతో కలిపి 8 వేల చిల్లర అయింది.

కర్రల కోసం పరిగెత్తకండి. ముందు ఖాళీ స్థలంలోకి వెళ్ళి, ఒకణ్ణి టీ కాచేవాడిలా నిలబెట్టి, ఇంకొకణ్ణి ఇటుకల మీద కూర్చోబెట్టి, స్క్రిప్టులో ఉన్న ప్రతి షాటూ ఫోన్లో తీసేయండి. మేము నాలుగు గోడలు కావాలనుకున్నాం. తీరా చూస్తే ఫ్రేములో పడేది వెనక గోడ, ఎడమ పక్క సగం గోడ, ముందు చూరు, అంతే. కుడి పక్కన మా చెప్పులూ నీళ్ళ క్యానూ ఉన్నాయి, సినిమా చూసినవాళ్ళెవరూ కనిపెట్టలేదు. ఫ్రేములో ఎంత పడుతుందో తేలాక ముగ్గుపిండితో నేల మీద గీత గీసుకోండి.

సంక్రాంతి అయ్యాక పొలాలన్నీ ఖాళీయేగా అనుకుంటారేమో, డెల్టా ఊళ్ళలో అప్పటికే మినుము చల్లేసి ఉంటారు, కాలు పెట్టనివ్వరు. మామిడితోటలో పూత రాలిపోతుందని భయం. కొబ్బరితోట జోలికి మీరే వెళ్ళకండి, తల జాగ్రత్త. కళ్ళం దొడ్డో, ఇల్లు లేవని ప్లాటో నయం, పైన కరెంటు తీగలు లేకుండా చూసుకోండి. యజమానిని నోటిమాటగా అడిగితే చాలనుకోకుండా తేదీలు కూడా చెప్పండి, ఊరి ఉమ్మడి స్థలమైతే పంచాయతీలో అడగండి. పక్కన బోరు మోటారు ఎప్పుడు వేస్తారో, గుడి మైకు ఎప్పుడు మోగుతుందో కనుక్కోండి, ఎడిటింగులో ఆ మోత తీయడం మన వల్ల కాదు.

దిక్కు సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. పడమర ముఖంగా కట్టాం, మూడు దాటాక ఎండ సూటిగా హీరో కళ్ళలోకి కొట్టి, ప్రేమ సీనంతా కళ్ళు చికిలించుకునే చేశాడు. ఉత్తరం ముఖంగా కట్టండి. సెప్టెంబరు చివర నుంచి మార్చి మూడో వారం దాకా మన దగ్గర సూర్యుడు దక్షిణం వైపే వాలి ఉంటాడు కాబట్టి బంకు ముందు భాగం దాదాపు రోజంతా నీడలో ఉంటుంది, పొద్దున తీసిందీ సాయంత్రం తీసిందీ ఒకదాని పక్కన ఒకటి అతుకుతాయి. ముఖాల మీద వెలుగు చాలకపోతే టీవీ పెట్టెలో వచ్చిన థర్మాకోల్ ముక్క పట్టుకుని ఒకణ్ణి నిలబెట్టండి.

సరివి (సరుగుడు) బొంగులు సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చేవాళ్ళ దగ్గర దొరుకుతాయి. గడ్డపారతో రెండడుగులు తవ్వి పాతి, రాళ్ళు దట్టించి, ప్రతి మూలకీ వెనక నుంచి ఒక ఏటవాలు కర్ర ఆనించి బైండింగ్ వైరుతో బిగించండి. ఆ ఏటవాలు కర్ర మేము మొదటి రోజు పెట్టలేదు, సాయంత్రం గాలికి గోడ తెరచాపలా ఉబ్బి బొంగుతో సహా వంగిపోయింది.

గోడకి పాత ఫ్లెక్సీలు చాలు, పుట్టినరోజులు అయిపోయిన నాయకులకి మన ఊళ్ళలో కొదవా! బొమ్మ వెనక్కి తిప్పి కట్టి, దాని మీద గోనె పట్టాలు కుట్టండి, ఉత్త ఫ్లెక్సీ మీద మట్టి నిలవదు. ఎర్రమట్టిలో ఊక కలిపి పల్చగా మెత్తి, రెండు రోజులు ఎండనివ్వండి. పగుళ్ళు వస్తే సంతోషించండి, అవి డబ్బులిచ్చినా రావు.

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. కొత్త గోడ కెమెరాకి వెంటనే తెలిసిపోతుంది. తెల్ల సున్నం ఎండలో మరీ మెరిసిపోతుంది కాబట్టి అందులో టీ డికాక్షన్ కలిపి కొట్టండి. బెంచీ మీద కూర్చున్నవాళ్ళ వీపు ఆనేచోట నూనె చేత్తో రుద్దండి, పొయ్యి పైన మసి పుయ్యండి, మోకాలి ఎత్తు వరకు బురద చిలకరించండి, బల్ల మీద గ్లాసు అడుగు గుండ్రాలు పడేదాకా టీ తాగండి (ఈ పనికి మాత్రం అందరూ ముందుకొస్తారు). పొయ్యి వెనక గోడ ముదురుగా ఉంటేనే టీ ఆవిరి కనపడుతుంది. నిజంగా మంట పెడితే చూరు తాటాకు కింద రేకు కొట్టి, పక్కన రెండు బకెట్ల నీళ్ళు పెట్టుకోండి.

అరటి గెల వేలాడదీసి మేము ఇరుక్కుపోయాం. శనివారం పసుపుపచ్చగా ఉన్నది ఆదివారానికి మచ్చలు పడింది, పైగా నాలుగు పళ్ళు తక్కువ. రెండు రోజుల షాట్లూ అతకాలంటే, ఏ సామాను ఎక్కడుందో సాయంత్రం వెళ్ళేముందు ఫోటోలు తీసుకోండి, ఫ్లెక్సీ కింది ముడులు విప్పేసి వెళ్ళండి, రాత్రి గాలి వీస్తే గోడ ఉబ్బి వంగిపోకుండా ఉంటుంది.

విప్పేరోజు సాధారణంగా ఇద్దరే మిగులుతారు, మిగతావాళ్ళకి జ్వరాలొస్తాయి. అందుకే అద్దె సామాను ఎవరి పేరున తెచ్చారో వాళ్ళు ఆ ఇద్దరిలో ఉండేలా ముందే చూసుకోండి. గుంటలు పూడ్చండి. మేకులూ వైరు ముక్కలూ ఒక్కటి కూడా వదలకండి, గేదెలు గడ్డితో పాటు మింగేస్తాయి. పాడైన స్పీకరులోని అయస్కాంతాన్ని తాడుకి కట్టి నేలంతా ఈడిస్తే ఇనుప ముక్కలు వాటంతటవే అంటుకుంటాయి, మాకు గుప్పెడు దొరికాయి.