మూడిళ్లకూ సమంగా నీళ్లు – పాఠం 3: గేట్ వాల్వ్ ఎన్ని చుట్లు?

పోయిన పాఠంలో టెర్రస్ ట్యాంకు నుంచి దిగే పైపుకి ఏ కొమ్మ ఏ ఇంటిదో కనుక్కుని వాల్వులకు చీటీలు కట్టాం. ఈసారి వాటిని తిప్పుదాం. ఇవి గేట్ వాల్వులు, అంటే చక్రం తిప్పితే లోపల పలక దిగి నీళ్లను ఆపే రకం.

మాది బెంగళూరు కె.ఆర్.పురం. ఓనర్లం పైన ఉంటాం, కింద రెండిళ్లలో అద్దెవాళ్లు. పొద్దున ఏడింటికి అందరూ స్నానాలకు దిగితే మా షవర్‌లో నీళ్లు దారంలా వచ్చేవి. ప్లంబర్ ప్రెషర్ పంపు పెట్టించమన్నాడు. డబ్బు తీసేముందు ఎత్తు లెక్క చూశాను. ట్యాంకులో నీటిమట్టానికి 10 మీటర్లు కిందున్న కుళాయికి సుమారు 1 బార్ ఒత్తిడి ఉంటుంది. మా కుళాయి 3 మీటర్లే కింద, గ్రౌండ్ ఫ్లోర్‌ది 9. పైగా అందరికీ దిగే పైపు ఒకటే. కింద కుళాయి తిప్పగానే పైపులో నీళ్లు పరుగెత్తి రాపిడికే కొంత ఒత్తిడి పోతుంది. అసలే తక్కువున్న మాకు ఇంకేం మిగులుతుంది?

అందుకే పంపు బదులు కింది ఇళ్ల వాల్వులు కొంచెం బిగించాను. చలిదేశాల ఇళ్లలో వేడినీళ్లతో గదులను వెచ్చబరిచే రేడియేటర్లకూ ఇదే వైద్యం. బాయిలర్ దగ్గరివి కాలిపోతూ చివరిది చల్లగా ఉంటే, దగ్గరివాటి వాల్వులు కొంచెం బిగిస్తారు. వాళ్లు థర్మామీటరు పెట్టి చూస్తారు, మనకు 10 లీటర్ల బకెట్ చాలు.

ముందు షవర్ కన్నాలు సూదితో పొడవండి. బోరు నీళ్ల తెల్లపెచ్చు అడ్డుపడి ఉంటే ఈ పాఠమే అక్కర్లేదు.

తర్వాత మూడిళ్లలో బాత్రూం కుళాయిలు ఒకేసారి పూర్తిగా తిప్పి, బకెట్ నిండే సెకన్లు లెక్కపెట్టాలి. గ్రౌండ్ ఫ్లోర్‌లో హిందూపురం కుర్రాడు ఫోన్‌లోనే "అన్నా, నిండిపాయ!" అని అరిచేసరికి 22 సెకన్లు. మధ్య ఇంట్లో 40. మాది 85.

పై ఇంటి వాల్వ్ పూర్తిగా తెరిచే ఉంచండి. గ్రౌండ్ ఫ్లోర్ వాల్వ్ చుట్లు లెక్కపెడుతూ పూర్తిగా మూయండి. మాది ఐదున్నర చుట్లు. ఇప్పుడు రెండు చుట్లు తెరవండి. తెరిచిన వైపు నుంచి కొద్దికొద్దిగా మూసుకొస్తే మొదట్లో తేడా కనబడదు. గేట్ వాల్వ్ గుణమే అంత, అదుపంతా మూతకు దగ్గరున్న చుట్లలోనే. మీది పావు చుట్టుకే మూసుకునే బాల్వాల్వ్ అయితే సగంలో ఆపకండి, లోపలి సీల్ త్వరగా అరుగుతుంది. చక్రం తిప్పే రకానికి మార్పించుకోవడం మేలు. మధ్య ఇంటి వాల్వ్ కూడా ఇలాగే కొంచెం బిగించండి.

ఒకటి బిగిస్తే మిగతా రెండూ మారతాయి కాబట్టి మూడింటినీ మళ్లీ కొలవాలి. మూడోసారికి మాకు వచ్చిన లెక్క: కింద 45, మధ్య 50, పైన 60. సమానం చేద్దామని మొండిపట్టు పడితే కిందివాళ్లతో గొడవే. వాల్వ్ బుయ్యిమని మోగితే పావు చుట్టు వదలండి.

కుదిరిన చోట చక్రం మీదా పైపు మీదా నెయిల్ పాలిష్ చుక్క పెట్టి, చుట్ల లెక్క చీటీ మీద రాయండి. రెండు మూడు నెలలకోసారి పూర్తిగా మూసి తెరిచి, మళ్లీ అదే లెక్కకు తేవాలి. లేకపోతే పెచ్చు కట్టి బిగుసుకుపోతుంది.

వచ్చే పాఠం: సోలార్ వేడినీళ్ల పైపులో గాలి పట్టేస్తే.