పేరు రాని గొప్ప గిటారిస్టులను ఎలా కనిపెట్టాలి?

గొప్ప గిటారిస్టులెవరని అడిగితే ఎవరి నోటైనా వచ్చేవి దాదాపు అవే పేర్లు. వాళ్లు గొప్పవాళ్లే, అందులో పేచీ లేదు. కానీ ఆ జాబితాలో చాలామంది సోలోలతో పేరు తెచ్చుకున్నవాళ్లు. పాట మధ్యలో గిటార్ ఒక్కటే ముందుకొచ్చి మోగే అరనిమిషాన్ని బట్టే మనం వాయించేవాణ్ని కొలుస్తాం. మిగతా మూడు నిమిషాలూ పాటను నడిపించిన చేతులు ఎవరివో అడగం. సోలో మీద నుంచి చెవిని కాస్త పక్కకు జరిపితే ఎంతమంది బయటపడతారో చూడండి. దీనికి గిటార్ వాయించడం రానక్కర్లేదు.

1. బాగా తెలిసిన పాటతో మొదలుపెట్టండి

కొత్త పేర్ల కోసం వెతకొద్దు. ఎన్నోసార్లు విన్న పాట ఒకటి తీసుకుని, అందులో గిటార్ ఎవరిదో కనుక్కోండి. పాడినవాళ్ల పేరో బ్యాండ్ పేరో కాదు, ఆ తీగలు మీటిన మనిషి పేరు కావాలి.

టెంప్టేషన్స్ బృందం 1964లో విడుదల చేసిన 'మై గర్ల్' పాటే తీసుకోండి. మొదట బేస్ గిటార్ వస్తుంది. దాని మీద ఒక గిటార్ మెట్లెక్కినట్టు ఆరు స్వరాలు పలుకుతుంది. జాగ్రత్తగా వినండి, అది అచ్చంగా మన మోహన రాగం ఆరోహణ: స రి గ ప ద స. పాట అందుకునేది ఆ ఆరు స్వరాల దగ్గరే. పదాలు గుర్తులేనివాళ్లు కూడా ఆ మెట్లను కూనిరాగం తీయగలరు. వాయించింది రాబర్ట్ వైట్. అమెరికాలోని డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ స్టూడియోలో జో మెస్సినా, ఎడ్డీ విల్లిస్‌లతో కలిసి ఎన్నో హిట్ పాటలకు గిటార్ వాయించాడు. అయినా 1971 దాకా మోటౌన్ ఆల్బమ్ అట్టల మీద ఆ స్టూడియో కళాకారుల పేర్లే వేయలేదు. ప్రపంచమంతా విన్న చెయ్యి, ఎవరికీ తెలియని పేరు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కాబట్టి పాట వినే యాప్‌లో 'క్రెడిట్స్' అన్నది తెరిచి చూడండి. అక్కడ లేకపోతే ఆల్బమ్ వెనక అట్ట ఫొటో వెతకండి. డిస్కాగ్స్ లాంటి సైట్లలో రికార్డుల వారీగా వాయిద్యకారుల పేర్లు దొరుకుతాయి. పాతకాలం పాటలకు అక్కడా దొరక్కపోవచ్చు. అప్పుడు ఆ స్టూడియో పేరు పట్టుకుని, ఆ రోజుల్లో అక్కడ పనిచేసిన కళాకారులెవరో చూడండి.

2. సోలోను వదిలేసి వినండి

ఇది అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే ముఖ్యం కూడా. పాటను మూడుసార్లు వినండి. మొదటిసారి మామూలుగా. రెండోసారి ఇయర్‌ఫోన్స్‌లో ఒకటి తీసేసి ఒక చెవితోనే, మూడోసారి రెండో వైపు. 1960ల నాటి స్టీరియో రికార్డుల్లో చాలావాటిలో గిటార్‌ను ఒకే పక్కకు పెట్టేవారు. అందుకే ఒక వైపు మూసేయగానే అంతవరకూ వినపడని గిటార్ పైకి తేలుతుంది.

ఇలా వినడానికి ఫ్రెడ్డీ గ్రీన్‌ను మించిన గురువు లేడు. 1937లో కౌంట్ బేసీ జాజ్ ఆర్కెస్ట్రాలో చేరి, 1987లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆ యాభై ఏళ్లలో సోలో అన్నది దాదాపు వాయించలేదు. ట్రంపెట్లు, సాక్సఫోన్లు హోరెత్తిస్తుంటే యాంప్లిఫయర్ లేని గిటార్‌తో బీట్‌కు ఒక దెబ్బ చొప్పున కొట్టుకుంటూ పోయేవాడు. చాలాసార్లు కార్డ్‌లోని (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులోని) స్వరాలన్నీ కాకుండా ఒకటో రెండో మాత్రమే మోగనిచ్చేవాడు. 'లిల్ డార్లిన్' నిదానంగా సాగే పాట కాబట్టి దానితో మొదలుపెట్టండి. గిటార్ వినపడటం లేదనిపిస్తే కంగారుపడకండి. పాదంతో తాళం వేస్తూ, ప్రతి బీట్‌కూ డ్రమ్స్ పక్కన సన్నగా 'చక్' మని వినిపించే చప్పుడు కోసం చూడండి. ఒకసారి దొరికిందంటే ఆ ఆర్కెస్ట్రా అంతా దాని మీదే నిలబడి ఉందని తెలుస్తుంది.

తర్వాత జిమ్మీ నోలెన్ దగ్గరికి రండి. అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ 1965లో విడుదల చేసిన 'పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్'లో గిటార్ ఈయనదే. ఎడమచేతి వేళ్లను తీగల మీద గట్టిగా నొక్కకుండా ఆనించి ఉంచి, కుడిచేత్తో వేగంగా గీకుతాడు. స్వరం పూర్తిగా పలకక ముందే ఆగిపోతుంది, లయ మాత్రం మిగులుతుంది. దీనికి 'చికెన్ స్క్రాచ్' అని పేరు. ఆ తర్వాత వచ్చిన ఫంక్ (లయే ప్రధానమైన నృత్య సంగీతం) గిటార్ అంతా ఈ చేతికి రుణపడి ఉంది. వేగం అందకపోతే వీడియో స్పీడును 0.75కి, ఇంకా కావాలంటే 0.5కి తగ్గించి వినండి.

3. వేరే వాయిద్యం నీడలో ఉన్నవాళ్లను వెతకండి

అమెరికన్ రాక్ బృందం షికాగో పేరు చెప్పగానే అందరికీ ట్రంపెట్, ట్రాంబోన్, సాక్సఫోన్ గుర్తొస్తాయి. ఆ బ్యాండ్ గిటారిస్టు టెర్రీ కాత్ '25 ఆర్ 6 టు 4' పాటలో వా-వా పెడల్‌తో (పాదంతో నొక్కితే గిటార్ 'వా వా' అన్నట్టు పలికించే పరికరం) వాయించింది వింటే ఇన్నాళ్లూ ఈ పేరు ఎందుకు వినలేదా అనిపిస్తుంది. 1978లో 31 ఏళ్లకే చనిపోయాడు.

1967లో వచ్చిన 'కాల్ ఆఫ్ ది వ్యాలీ'దీ అదే కథ. హరిప్రసాద్ చౌరాసియా వేణువు, శివకుమార్ శర్మ సంతూర్ అందరికీ తెలుసు. అందులో మూడో వాయిద్యం గిటార్. దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, తీగల మీద లోహపు కడ్డీ జార్చుతూ హిందుస్తానీ గమకాలు పలికించింది బ్రిజ్ భూషణ్ కాబ్రా. ఈసారి వేణువు వచ్చినప్పుడు కూడా గిటార్‌నే వెంబడించండి.

4. చేతులు చూడండి

కొందరి విషయంలో వినడం సరిపోదు. అమెరికన్ జానపద గాయని, గిటారిస్టు ఎలిజబెత్ కాటన్‌ది ఎడమచేతి వాటం. కుడిచేతి వాటం వాళ్ల గిటార్‌ను తీగలు మార్చకుండా అలాగే తిరగేసి పట్టుకునేది. దాంతో బొటనవేలు సన్నతీగల మీద రాగం పలికిస్తే, మిగతా వేళ్లు బేస్ తీగలు మీటేవి. అందరూ చేసేదానికి సరిగ్గా తలకిందులు. ఇళ్లలో పనిచేస్తూ బతికిన ఆమె మొదటి ఆల్బమ్ అరవై దాటాక, 1958లో వచ్చింది. 'ఫ్రైట్ ట్రైన్' వీడియో పెట్టి, శబ్దం ఆపేసి ముందు బొటనవేలినే చూడండి. తర్వాత శబ్దంతో చూడండి.

అమెరికన్ గాస్పెల్ (క్రైస్తవ భక్తి గీతాల) గాయని, గిటారిస్టు సిస్టర్ రోజెటా థార్ప్ 1964లో మాంచెస్టర్‌లోని ఒక పాత రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద ఇచ్చిన కచేరీ కూడా చూడాల్సిందే. ఆ రోజు వాన పడింది, ఆమె అందుకున్న మొదటి పాట 'డిడ్ంట్ ఇట్ రెయిన్'. రాక్ అండ్ రోల్‌కు దారి వేసినవాళ్లలో ఆమె ఒకరు. 1973లో చనిపోతే, రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది 2018లో.

5. పేరున్నవాళ్ల వెనక పేర్లు పట్టుకోండి

ఫలానా పెద్ద గిటారిస్టు 'నాకంటే అతనే గొప్ప' అన్నాడట అనే కథలు బోలెడు తిరుగుతుంటాయి. వాటిని పట్టించుకోకండి. రికార్డు మీద అచ్చయిన అంకితాలు చూడండి, అవి నికరమైనవి. పేరున్న బ్రిటిష్ గిటారిస్టు జెఫ్ బెక్ 1975 ఆల్బమ్ 'బ్లో బై బ్లో'లో ఒక ట్రాక్‌ను అమెరికన్ గిటారిస్టు రాయ్ బుకానన్‌కు అంకితమిచ్చాడు. అక్కణ్నుంచి బుకానన్ 'ద మెసయ్య విల్ కమ్ అగైన్' వినండి. ఒక్కో స్వరం నిశ్శబ్దంలోంచి మెల్లగా ఉబికి వస్తుంది. మీటిన తర్వాత గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌ను చిటికెన వేలితో తిప్పడం వల్ల వచ్చే శబ్దం అది.

6. దొరికిన పేరును పంచుకోండి

'ఇతను చాలా గొప్ప, విను' అని పంపితే ఎవరూ వినరు. ఒక్క పాట, అందులో గిటార్ మొదలయ్యే నిమిషం-సెకను, ఏ చెవిలో వినాలో, వాయించినవాళ్ల పేరు. ఇంతే రాసి పంపండి. ఒకసారికి ఒక్క పేరే. వాళ్లు విని మాట్లాడాకే రెండోది.